పాలధార ఉధృతమైనప్పుడు: బాలింతకు ఇంటివారి తోడ్పాటు

పసిబిడ్డ ఈ లోకంలో కన్ను తెరవక ముందే ఆ బిడ్డ ఆహారాన్ని అల్లాహ్ తల్లి రొమ్ములో సిద్ధపరుస్తాడు. దంతాలు లేని నోటికి, ఇంకా బలం పుంజుకోని కడుపుకు తగిన ఆహారం అది. దివ్య ఖుర్‌ఆన్ ఈ విషయాన్ని మనిషి ఇష్టాయిష్టాలకు వదిలిపెట్టలేదు. బఖర సూరా 233వ ఆయతు ఇందులో మనకు ముఖ్యంగా నాలుగు సంగతులు నేర్పుతుంది. పాలిచ్చే కాలాన్ని పూర్తి చేయదలచినవారికి ఆ కాలం నిండు రెండేళ్ళు. ఆ కాలంలో తల్లి తిండి, బట్ట తండ్రి బాధ్యత. బిడ్డ కారణంగా తల్లికి గానీ, తండ్రికి గానీ హాని కలగకూడదు. అంతకు ముందే పాలు మాన్పించదలిస్తే అది తల్లిదండ్రులిద్దరి సమ్మతితో, పరస్పర సంప్రదింపుతో జరగాలి.

మొదటి రెండు సంగతులు మనకు బాగానే గుర్తుంటాయి. చివరి రెండూ మాత్రం అనేక ఇళ్ళలో తెలియకుండానే జారిపోతున్నాయి. పాలు మాన్పించాలని ఎవరూ నిర్ణయించరు, ఎవరినీ సంప్రదించరు. అయినా నెల తిరిగేసరికి బిడ్డ డబ్బా పాలకు అలవాటు పడిపోతుంది. తల్లి తనలోనే ఏదో లోపం ఉందని కుమిలిపోతుంది. ఇలా జరగడానికి ఉన్న కారణాల్లో ఒకదాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం. అది పాలు తక్కువ కావడం కాదు. పాలధార మరీ ఉధృతంగా ఉండటం.

ఏడుపుకు అర్థం ఒక్కటే కాదు

బందరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమలోని అవనిగడ్డ, నాగాయలంక పల్లెల్లోనైనా ఈ దృశ్యం కొత్తది కాదు. బిడ్డ ఆకలితో రొమ్ము అందుకుంటుంది. ఒకటి రెండు నిమిషాలు గబగబా మింగుతుంది. ఉన్నట్టుండి పొలమారుతుంది, దగ్గుతుంది, రొమ్ము వదిలేసి వెనక్కి విరుచుకుపడి ఏడుస్తుంది. మళ్ళీ అందిస్తే మళ్ళీ అదే తంతు.

చుట్టూ ఉన్న పెద్దలు వెంటనే తీర్పు చెబుతారు. "పాలు చాలడం లేదమ్మా, డబ్బా పాలు పట్టండి" అని ఒకరు. "తల్లి పాలు బిడ్డకు పడలేదు" అని ఇంకొకరు. "నజర్ తగిలింది" అని మరొకరు. పాలు తక్కువనుకున్నవారు బాలింతకు మెంతులు, వెల్లుల్లి, సొర చేప, హరీరా మరింత పెడతారు. వారందరి ఉద్దేశం మంచిదే. కానీ ధార ఎక్కువై ఏడ్చే బిడ్డకు ఈ వైద్యాలేవీ పనికిరావు.

దృష్టి తగలడం నిజమని ప్రవక్త ముహమ్మద్ (స) తెలిపారు. దానికి ఆయన నేర్పిన దుఆలు ఉన్నాయి, వాటిని చదివి ఊదడం మంచిదే. అయితే ఆయనే జబ్బుకు మందు వెతుక్కోమని కూడా బోధించారు. కంటికి కనిపించే కారణాన్ని చూడకుండా, కనిపించని కారణం మీద భారం వేసి కూర్చోవడం దీన్ నేర్పిన పద్ధతి కాదు.

‘చేపు’ అంటే ఏమిటి?

గేదెలున్న ఇళ్ళవారికి ఈ మాట కొత్తగా చెప్పనక్కరలేదు. దూడను విడవగానే గేదె చేపుతుంది. అంతవరకు పొదుగులో నిలిచి ఉన్న పాలు ఒక్కసారిగా కిందికి దిగుతాయి. తల్లులలోనూ అంతే. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో దీన్నే ‘దూద్ ఉతర్నా’ అంటారు. బిడ్డ చప్పరించగానే తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. అది రొమ్ములోని పాలగదులను నొక్కి పాలను బయటకు నెడుతుంది. పాలను తయారుచేయించేది ప్రొలాక్టిన్ అనే మరో హార్మోన్. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత ఎక్కువ పాలు తయారవుతాయి. ఇది అల్లాహ్ పెట్టిన కొలత.

ప్రసవమైన మూడు నుంచి ఐదు రోజుల్లో పాలు బాగా పొంగుతాయి. బిడ్డకు ఎంత కావాలో తల్లి శరీరానికి ఇంకా లెక్క కుదరని రోజులవి. అందువల్ల కొందరు తల్లులకు మొదటి వారాల్లో పాలు అవసరానికి మించి వస్తాయి, చేపు కూడా బలంగా ఉంటుంది. చాలామందికి ఆరు వారాల నుంచి మూడు నెలల లోపల ఆ కొలత దానంతట అదే కుదురుకుంటుంది.

మన డెల్టా రైతుకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది కాలువకు లాకు ఎత్తిన సమయం వంటిది. ముందు వచ్చే నీటి తోపుడును నేరుగా నారుమడిలోకి వదిలితే నారు కొట్టుకుపోతుంది. అలాగని రైతు కాలువను పూడ్చడు. మొదటి ఉధృతిని పక్కకు మళ్ళించి, నిదానించాక మడికి పెట్టుకుంటాడు. పాల విషయంలోనూ చేయవలసింది ఇదే.

గుర్తుపట్టడం ఎలా?

- పాలు తాగడం మొదలైన ఒకటి రెండు నిమిషాల్లోనే బిడ్డకు పొలమారడం, దగ్గు రావడం, గుటకల చప్పుడు గట్టిగా వినిపించడం.
- బిడ్డ రొమ్ము వదలగానే పాలు ధారగా చిమ్మడం. ఒక వైపు తాగుతుంటే రెండో వైపు కారిపోవడం.
- ధారను ఆపుకోవడానికి బిడ్డ చనుమొనను చిగుళ్ళతో గట్టిగా నొక్కడం, తల్లికి నొప్పి కలగడం.
- పాలతోపాటు గాలి మింగి కడుపు ఉబ్బడం, తరచూ పాలు కక్కడం. కొందరు బిడ్డలకు ఆకుపచ్చగా, నురగగా విరేచనం కావడం.
- తల్లి రొమ్ములు తరచూ బరువెక్కి గట్టిపడటం.

వీటన్నిటికంటే నమ్మదగిన సాక్షి తక్కెడ. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గుతుంది. రెండు వారాలకల్లా ఆ బరువు తిరిగి రావాలి. ఆ తర్వాత రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. అయిదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి. బిడ్డ ఏడుస్తున్నా బరువు చక్కగా పెరుగుతూ, మూత్రం సరిగా పోస్తూ ఉంటే పాలు చాలడం లేదన్న మాట సరికాదు. ఆసుపత్రిలో కాన్పు అయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావలసి ఉంటుంది. ఆమె వచ్చినప్పుడు బిడ్డను తూకం వేయించండి. పొరుగువారి మాటకంటే ఆ అంకెను నమ్మండి.

తల్లి చేయవలసినవి

1. వెనక్కి వాలి పాలివ్వండి. ముందుకు వంగి కూర్చుంటే ధార నేరుగా బిడ్డ గొంతులో పడుతుంది. దిండ్లు ఆనుకుని సగం పడుకున్నట్టు వాలి, బిడ్డను మీ ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టుకోండి. బిడ్డ తల రొమ్ముకంటే పైన ఉన్నప్పుడు పాలు పైకి ఎక్కాలి కనుక వేగం తగ్గుతుంది. పక్కకు తిరిగి పడుకుని ఇచ్చినా మేలే. ఎక్కువైన పాలు బిడ్డ పెదవి అంచు నుంచి కిందికి జారిపోతాయి. ఏ విధంగా ఇచ్చినా తల్లి మెలకువగా ఉండాలి. బిడ్డను ఛాతీ మీద ఉంచుకుని నిద్రపోకూడదు.

2. మొదటి ధారను పక్కకు వదలండి. చేపు రాగానే బిడ్డను కాసేపు తప్పించి, శుభ్రమైన గుడ్డలోకో గిన్నెలోకో ఆ ధారను పోనివ్వండి. ధార తగ్గి చుక్కలుగా మారాక బిడ్డకు అందించండి. రొమ్ము ఖాళీ అయ్యేదాకా పిండకండి. పిండినకొద్దీ పాలు ఇంకా పెరుగుతాయి.

3. ఆకలి ముదరకముందే పట్టండి. బాగా ఆకలితో ఏడ్చే బిడ్డ బలంగా గుంజుతుంది, అప్పటికి రొమ్ము కూడా నిండిపోయి ఉంటుంది. బిడ్డ పెదాలు చప్పరించడం, చేతిని నోటికి తీసుకుపోవడం, తల అటూ ఇటూ తిప్పడం ఆకలికి తొలి గుర్తులు.

4. మధ్య మధ్య ఆపండి. పొలమారగానే బిడ్డను నిటారుగా ఎత్తుకుని ఊపిరి తీసుకోనివ్వండి. భుజాన వేసుకుని వీపు నిమిరి త్రేన్పు తెప్పించండి.

5. ఒక వైపు తృప్తిగా తాగనివ్వండి. బిడ్డ తనంతట తాను వదిలేదాకా ఒక రొమ్మే ఇచ్చి, ఇంకా కావాలంటే రెండోది ఇవ్వండి. ఇవ్వని వైపు మరీ బరువనిపిస్తే ఉపశమనం కలిగేంత మాత్రమే పిండండి, చల్లని గుడ్డ వేయండి. పాలు తగ్గించడానికి గంటల తరబడి ఒకే రొమ్ము ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని డాక్టరు గానీ, అనుభవం గల నర్సు గానీ చూసి చెప్పకుండా, ముఖ్యంగా మొదటి వారాల్లో, మొదలుపెట్టకూడదు. పాలు మరీ తగ్గిపోవచ్చు, రొమ్ములో గడ్డలు కట్టవచ్చు.

చేయకూడనివి

పాలు తగ్గుతాయని నీళ్ళు తాగడం మానకండి. నీళ్ళు మానితే తల్లి నీరసిస్తుందే గాని పాల సమస్య తీరదు. పాలు తగ్గించే మాత్రలు సొంతంగా కొనకండి. పాలు పెంచుతాయని పేరున్న ప్రత్యేక పదార్థాలు ఈ తల్లికి అక్కరలేదు. మామూలు భోజనం కడుపునిండా పెట్టండి. ముర్రుపాలు పారబోయకండి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తహ్నీక్ సున్నతే. అది నమిలిన ఖర్జూరపు సారాన్ని బిడ్డ అంగిలికి రాసినంత మాత్రమే, ఆహారం కాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె మాత్రం పెట్టకూడదు. దానివల్ల పసిబిడ్డలకు అరుదుగానైనా ప్రాణాంతకమైన జబ్బు వస్తుంది.

డబ్బా పాలను డాక్టరు అవసరమని చెబితే తప్ప తేవద్దు. డబ్బా పాల ప్రకటనలను, ఉచిత నమూనాలను మన దేశంలో 1992 నాటి చట్టమే నిషేధించింది. అవి ఇంట్లోకి రావడం సులభం. కానీ బిడ్డ రొమ్ము తాగడం తగ్గించాక తల్లి శరీరం పాలు తయారుచేయడం కూడా తగ్గిస్తుంది. అప్పుడు ‘పాలు చాలడం లేదు’ అన్న తప్పుడు మాట నిజమై కూర్చుంటుంది.

ఇంటివారి బాధ్యత

దైవప్రవక్త (స) నమాజును సుదీర్ఘంగా చేయించాలనుకుని నిలబడి కూడా, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే దాన్ని తగ్గించేవారు. ఆ ఏడుపు తల్లిని ఎంత కలవరపెడుతుందో తమకు తెలుసునని చెప్పారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న విషయం. అల్లాహ్ ముందు నిలబడిన సమయంలో కూడా బాలింత మనసును పట్టించుకున్న ప్రవక్త (స) అనుయాయులం మనం. మన ఇంట్లో బిడ్డ ఏడ్చినప్పుడు తల్లిని నిందించే హక్కు మనకు ఎక్కడిది?

ఏడో రోజు అఖీఖాకు చుట్టాలు వస్తారు. రెండు గదుల ఇల్లు నిండిపోతుంది. బాలింత సిగ్గుతో మూలకు ఒదిగి, దుపట్టా కింద ముందుకు వంగి పాలిస్తుంది. లేదా అందరూ వెళ్ళాక ఇద్దామని ఆపుకుంటుంది. అంతసేపటికి రొమ్ము నిండి గట్టిపడుతుంది, బిడ్డ ఆకలి ముదురుతుంది, ధార మరింత బలంగా వస్తుంది. కనుక అత్తగారు చేయగలిగిన గొప్ప సాయం ఆ కోడలికి తలుపు వేసుకునే గది ఒకటి, ఆనుకోవడానికి నాలుగు దిండ్లు ఇప్పించడం. పర్దా ఆమెకు విశ్రాంతినివ్వాలి, బిడ్డ ఆకలిని ఆపించకూడదు.

తండ్రి పని డబ్బులివ్వడంతో తీరదు. తషావుర్, అంటే పరస్పర సంప్రదింపు, ఖుర్‌ఆన్ భార్యాభర్తల మధ్య పెట్టిన బాధ్యత. డబ్బా పాలు తేవాలా వద్దా అన్నది వరండాలో కూర్చున్న చుట్టాలు తేల్చే విషయం కాదు. రాత్రి పాలిచ్చాక బిడ్డను భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, ఆసుపత్రికి వెంట వెళ్ళి అడగడం తండ్రి చేయగల పనులు. అమ్మీ, నానీ, దాదీ అనుభవం విలువైనదే. దాన్ని విందాం, తక్కెడతో సరిచూసుకుందాం.

తల్లులు అడిగే కొన్ని మసాయిల్

పాలు కారితే వుజూ పోతుందా? పోదు. తల్లిపాలు పరిశుభ్రమైనవి. అవి కారినా, బిడ్డకు పాలిచ్చినా వుజూ భంగం కాదు. పాలు తగిలిన బట్టలతో నమాజు చెల్లుతుంది. కారుడు ఎక్కువగా ఉంటే లోపల మడత గుడ్డ పెట్టుకోవచ్చు.

బిడ్డ పాలు కక్కితే? నోటి నుంచి జారిపోయిన పాలు, కొద్దిగా కక్కిన పాలు బట్టను అపవిత్రం చేయవు. కడుపులోకి వెళ్ళి నోటినిండా వాంతిగా వస్తే, హనఫీ ఫిఖ్హ్ ప్రకారం తగిలిన చోటు కడుక్కోవాలి.

ఎక్కువైన పాలను ఇతర బిడ్డకు ఇవ్వవచ్చా? ఇక్కడ చాలా జాగ్రత్త అవసరం. రక్తసంబంధం వల్ల ఎవరితో నికాహ్ నిషిద్ధమో, పాల సంబంధం వల్ల కూడా వారితో నిషిద్ధమని ప్రవక్త (స) బోధించారు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతిలో, పాలుతాగే వయసు బిడ్డ కడుపులోకి కొద్దిపాటి పాలు వెళ్ళినా చాలు, రజాఅత్ ఏర్పడుతుంది. రొమ్ము నుంచి తాగినా, ఉగ్గుగిన్నెతో పట్టినా ఒకటే. షాఫయీ పద్ధతిలో ఐదుసార్లు తాగడం షరతు. ఆ తల్లికి ముందు పుట్టినవారు, తర్వాత పుట్టబోయేవారు అందరూ ఆ బిడ్డకు పాలసంబంధంతో తోబుట్టువులే.

ఉఖ్బా బిన్ హారిస్ (రజి) పెళ్ళయ్యాక ఒక స్త్రీ వచ్చి, మీ ఇద్దరికీ నేనే పాలిచ్చానని చెప్పింది. ఆయన మక్కా నుంచి మదీనాకు ప్రయాణమై వెళ్ళి ప్రవక్త (స)ను అడిగారు. ఆ మాట బయటపడ్డాక ఇక కలిసి ఎలా ఉంటావని ప్రవక్త (స) అనగా, ఆయన ఆమెను విడిచిపెట్టారు. ఒక సంసారం అలా విడిపోయింది. ఒకే వీధిలో పెరిగి, ఒకరింట ఒకరు సంబంధాలు కలుపుకునే మనవంటివారికి ఇది పెద్ద హెచ్చరిక. అవసరం కొద్దీ పొరుగు బిడ్డకు పాలిస్తే తేదీ, పేర్లు రాసి రెండు కుటుంబాల పెద్దలకూ తెలియజేయండి. ఉబుసుపోకకు మాత్రం ఇవ్వకండి.

తల్లిపాల నిధుల సంగతి కూడా ఇందులో భాగమే. ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో 1989లో, హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో అటువంటివి ప్రారంభమయ్యాయి. నెలలు నిండని బిడ్డలకు అవి మేలు చేస్తున్నాయి. అయితే అనేకమంది తల్లుల పాలు కలిస్తే ఎవరు ఎవరికి పాలతల్లి అయిందో తెలియదు. అందుకే జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1985లోనే వాటిని అనుమతించలేదు. కొందరు పండితులు అనుమతించారు. అటువంటి అవసరం వస్తే డాక్టరును, ముఫ్తీని ఇద్దరినీ అడిగి ముందుకు సాగాలి.

మీ బిడ్డ కోసమే పిండిన పాలైతే ఏ ఇబ్బందీ లేదు. శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి, ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. మామూలు వాతావరణంలో నాలుగు గంటలకు మించి బయట ఉంచకండి. మన బందరు వేసవిలో అంతసేపు కూడా వద్దు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

పాలు తాగేటప్పుడు బిడ్డ పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఆగినట్టయినా, ధార నెమ్మదిగా ఉన్నా ప్రతిసారీ పొలమారుతున్నా, బరువు పెరగకపోయినా, మూత్రం తగ్గినా, వాంతి ఆకుపచ్చగా ఉన్నా లేక దూరంగా చిమ్మినా, విరేచనంలో రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. అంగిలి, నాలుక, గుండె లోపాలు కూడా ఇలా పొలమారడానికి కారణం కావచ్చు. తల్లికి రొమ్ము ఒకచోట ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే ఆమె కూడా చూపించుకోవాలి. సాధారణంగా అప్పుడు పాలివ్వడం మానవలసిన పనిలేదు. బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. బందరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా నడుస్తోంది. రాత్రివేళ తెల్లవారనిద్దామని కూర్చోకండి.

సోదరీ సోదరులారా! మూసా (అలైహి) తల్లి తన బిడ్డను ఫిరౌన్ నుంచి ఎలా కాపాడుకోవాలో తోచని స్థితిలో ఉన్నప్పుడు, అల్లాహ్ ఆమె మనసులో వేసిన మొదటి మాట బిడ్డకు పాలివ్వమని. ఆ తర్వాత రాజభవనంలో ఏ దాదీ పాలూ ముట్టకుండా చేసి, ఆ బిడ్డను తిరిగి తల్లి ఒడికే చేర్చాడు. ఆమె కళ్ళు చల్లబడాలని, దుఃఖపడకూడదని అలా చేశాడని ఖసస్ సూరాలో ఉంది. బిడ్డ కడుపు నిండటంతోపాటు తల్లి కళ్ళు చల్లబడటం కూడా అల్లాహ్ దృష్టిలో ఒక లక్ష్యమేనన్నమాట. మన ఇంట్లో ఏడ్చే బిడ్డను, ఆ బిడ్డను ఎత్తుకుని నిస్సహాయంగా చూస్తున్న తల్లిని ఈ దృష్టితోనే చూద్దాం. పాలు పొంగి వస్తుంటే అది లోపం కాదు, క్రమపరచుకోవలసిన నిఅమత్.

బాలింతల కష్టాన్ని గుర్తించి వారికి తోడుగా నిలిచే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన పిల్లలకు ఆరోగ్యాన్ని, తల్లుల మనసులకు నెమ్మదిని అనుగ్రహించుగాక! ఆమీన్.